పడక పక్కన డాక్టరమ్మ: డాక్టర్ అన్నా కుగ్లర్ గారి జీవితం

గుంటూరు పట్టణంలో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని వారుండరు. మన సంఘ సభ్యుల కుటుంబాలలో కూడ అక్కడ పుట్టినవారు, అక్కడ పురుడు పోసుకున్నవారు వున్నారు. అయితే కుగ్లర్ అంటే యెవరు, యెక్కడినుంచి వచ్చారు, యేం చేశారు అని అడిగితే మన పిల్లలు గోడ మీది పేరు తప్ప మరేమీ చెప్పలేరు. మా పాఠశాలలో అడిగి చూచాము. ఒక కుర్రవాడు అది యేదో విదేశీ మందు పేరన్నాడు. అందుకే సావనీరుకు వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు కోరగానే మేము యీ డాక్టరమ్మ జీవితమే యెంచుకున్నాము.

ఆమె క్రైస్తవ మిషనరీ. మత ప్రచారం ఉద్దేశంగా పెట్టుకున్న సంఘం తరఫున మన దేశానికి వచ్చారు. ఆ సంగతి ఆమె దాచలేదు, మేమూ దాచము. కాని మా వ్యాసం దాన్ని గురించి కాదు. ఆపరేషను అయిన మనిషి పడక దగ్గరకు వైద్యుడు వచ్చి నిలబడే ఆ రెండు మూడు నిమిషాలను గురించి. ఆసుపత్రి వాళ్ళు దాన్ని రౌండ్సు అంటారు. మనవాళ్ళు డాక్టరుగారు చూడడానికి వచ్చే వేళ అంటారు. ఆపరేషను థియేటరంటే అందరికీ భయమూ వుంది, భక్తీ వుంది. తలుపు మీద యెర్ర దీపం వెలిగితే బయట తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చుంటాము. లోపల కత్తి పని ఒక గంటో రెండు గంటలో. ఆ తర్వాత వార్డులో గడిచే రోజుల సంగతే మనం పట్టించుకోము. గాయం చీము పట్టడం, జ్వరం తగలడం, మూత్రం రాకపోవడం, కాలి నరంలో రక్తం గడ్డకట్టడం, యివన్నీ ఆ రోజుల్లో వచ్చే ఆపదలే. వాటిని సకాలంలో పట్టుకునేది పొద్దుటి రౌండ్సులోనే. రౌండ్సు సరిగా సాగితే రోగి నడిచి యింటికి వస్తాడు. సాగకపోతే థియేటరులో చేసిన మంచి పని కూడ మంటగలుస్తుంది. కుగ్లర్ గారి జీవితం మొదటినుంచి చివరిదాకా యీ పడక పక్కన నిలబడే హక్కు కోసం, ఆ నిలబడడానికి ఒక అర్థం కోసం సాగిందని మాకు తోచింది.

అన్నా సారా కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. అది ఫిలడెల్ఫియా నగరానికి దగ్గరి వూరు. ఆ నగరంలోనే 1850లో స్త్రీలకు ప్రత్యేకంగా ఒక వైద్య కళాశాల పెట్టారు. ప్రపంచంలో అటువంటి కళాశాలలలో అది చాలా ముందుది. మన దేశపు ఆనందీబాయి జోషీ గారు 1886లో డాక్టరు పట్టా పుచ్చుకున్నది కూడ అక్కడే. కుగ్లర్ గారు 1879లో అక్కడినుంచి పట్టభద్రులై బయటకు వచ్చారు.

కళాశాల అయితే పెట్టారు గాని, వైద్యం పుస్తకంలో నుంచి మాత్రమే వచ్చేది కాదు గదా. రోగి పడక దగ్గర నిలబడాలి, నాడి పట్టాలి, గాయం చూడాలి. ఆడపిల్లలను ఆసుపత్రులలోకి రానిచ్చేవారు కాదు. 1869 నవంబరులో పెన్సిల్వేనియా ఆసుపత్రివారు మొదటిసారిగా యీ కళాశాల విద్యార్థినులను తమ ఆసుపత్రిలో రోగులను చూపి చెప్పే పాఠానికి రానిచ్చారు. ముప్పై మంది దాకా ఆడపిల్లలు వెళ్ళారు. అక్కడి మగ విద్యార్థులు వాళ్ళను చూచి ఈలలు వేశారు, కాగితపు వుండలు విసిరారు, బయటకు వచ్చాక పొగాకు వుమ్మి వేశారు. చదువుకున్న యిళ్ళ కుర్రాళ్ళు. మర్నాటినుంచి పత్రికలలో పెద్ద గొడవ నడిచింది. చాలా పత్రికలు ఆడపిల్లల పక్షమే మాట్లాడాయి. ఆ కళాశాల డీను ఆన్ ప్రెస్టన్ గారు మొండిమనిషి. యీ యిబ్బందిని ముందే వూహించి కావచ్చు, 1861లోనే ఆడవారి కోసం వేరే ఆసుపత్రి పెట్టించడంలో ఆమె ముందు నిలిచారు. రోగుల ప్రక్కన నిలబడి నేర్చుకోవడానికి తమ విద్యార్థినులకు తమదే ఒక వార్డు దొరికింది. కుగ్లర్ గారు చేరేనాటికి యీ గొడవలు పాతబడ్డాయి గాని, ఆమెకు పాఠం చెప్పినవారు ఆ గొడవను దాటి వచ్చిన తరం వారే.

ఆమె చదువుకున్న సంవత్సరాలే శస్త్రచికిత్సలో పెద్ద తగవు నడుస్తున్న సంవత్సరాలు. అంతకు ముందు ఆపరేషను బాగా జరిగినా వార్డులో చీము పట్టి రోగులు చనిపోతుండేవారు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక విషయం కనిపెట్టాడు. శవాలను కోసి నేర్చుకుంటున్న డాక్టర్లూ విద్యార్థులూ అదే చేతులతో పురుడు వార్డుకు వచ్చి బాలింతలను పరీక్ష చేస్తున్నారు, ఆ చేతులే జ్వరాన్ని మోస్తున్నాయి అని. సున్నపు క్లోరిన్ నీళ్ళలో చేతులు కడిగించాడు, చావులు యిట్టే తగ్గిపోయాయి. అయినా తోటివారు ఒప్పుకోలేదు. మా చేతులు మురికివా అని వాళ్ళకు రోషం. తర్వాత 1867లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ గారు కార్బాలిక్ ఆసిడ్‌తో గాయాలకు కట్లు కట్టే పద్ధతిని లోకానికి ప్రకటించారు. అంతకు ముందు ఆయన వార్డులో కాలో చెయ్యో తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోతే, ఆ పద్ధతి తర్వాత 40 మందిలో ఆరుగురే చనిపోయారు. అటువంటి పేరున్న ఆయన కూడ కట్లు తన చేత్తోనే విప్పి చూచేవారు. చిన్నవాళ్ళకు వదిలిపెట్టే పని కాదని ఆయన నమ్మకం.

లిస్టర్ గారు 1876లో వైద్యుల మహాసభకు ఫిలడెల్ఫియాకే వచ్చి తన పద్ధతిని వివరించారు. విన్నవారిలో చాలామంది నమ్మలేదు. నమ్మకపోవడం యెంత ఖరీదైనదో అయిదేళ్ళకు తెలిసింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకీతో కాల్చాడు. పెద్ద పెద్ద డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కడగని వేళ్ళు గాయంలో పెట్టి గుండు కోసం వెతికారు. గాయం కుళ్ళి రెండున్నర నెలలకు ఆయన చనిపోయాడు. దేశాధ్యక్షుడి పడక చుట్టూ డాక్టర్లకేమీ కొదవ లేదు. చేతులు కడుక్కున్నవాడే లేడు.

పట్టా వచ్చాక కుగ్లర్ గారు నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగంలో పని చేశారు. ఆ విభాగానికి అధిపతి డాక్టర్ ఆలిస్ బెన్నెట్ అనే మహిళ. ఆమె పిచ్చివాళ్ళను గొలుసులతో, పట్టీలతో కట్టివేసే అలవాటును మాన్పించారు, వాళ్ళకు చేతిపనులు నేర్పించారు. శస్త్రచికిత్సకూ దీనికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. నోరు తిరగని రోగి యేం చెప్పుకుంటున్నదో వినే ఓపిక అటువంటి చోటే వస్తుందని మా అభిప్రాయం.

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ 1842లోనే మొదలయింది. అక్కడి ఒక మిషనరీ నుంచి ఉత్తరం రావడంతో కుగ్లర్ గారికి మన దేశం మీద మనసు పడింది. ఆమె డాక్టరుగా పంపమని అడిగారు. వైద్యసేవకు తాము సిద్ధంగా లేమని ఆ సంఘం స్త్రీలు జవాబిచ్చారు. పంపితే జెనానా పనికి, అంటే పర్దాలో వుండే ఆడవారికి యింటికి వెళ్ళి చదువు చెప్పే పనికి పంపుతామన్నారు. సరే అన్నారు ఆమె. 1883 ఆగస్టులో ఓడ యెక్కి, నవంబరు 29న గుంటూరు చేరారు. అప్పుడు గుంటూరు జిల్లా లేదు, గుంటూరు కృష్ణా జిల్లాలో వుండేది. గుంటూరు 1904లో వేరే జిల్లా అయింది. ప్రకాశం జిల్లా అయితే 1970లో ఒంగోలు పేరుతో యేర్పడి 1972లో యిప్పటి పేరు తెచ్చుకుంది.

పంతులమ్మగా వచ్చినా చేతిలో వున్న విద్య వూరుకోనిస్తుందా? మొదటి సంవత్సరంలోనే యిళ్ళకు వెళ్ళి 185 మంది రోగులను చూచారు. ఆమె వుండే యింటికే వచ్చినవారు 276 మంది. యెవరూ ఆమెను డాక్టరుగా నియమించలేదు, ఆసుపత్రి లేదు, నర్సు లేదు. రోగం వచ్చిన ఆడది మాత్రం వుంది.

ఆనాటి పరిస్థితి మన యిళ్ళ పెద్దవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మన కుటుంబాలలో గోషా, పెద్ద కులాల హిందూ యిళ్ళలో అంటూ మడీ. విదేశీ స్త్రీ తాకితే తలస్నానం చేయవలసిందే అనుకునే యిళ్ళు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. మగ డాక్టరు వస్తే తెర వెనుక నుంచి చేయి మాత్రం చాపి నాడి చూపించడం, అంతే. ఆ నాడితోనే కడుపులో గడ్డ వుందో లేదో ఆయన చెప్పాలి. మన హకీములు చాలామంది నిపుణులే. అయినా గాయం చూడకుండా గాయానికి మందు యెవరివ్వగలరు? ఆడ డాక్టరు అంటే ఆ తెర తీయగల మనిషి అన్నమాట.

యీ సంగతి ఉత్తరాదిన మనవాళ్ళకు ముందే అర్థమయింది. ఫిలడెల్ఫియా కళాశాలలోనే చదివిన క్లారా స్వేన్ గారు 1870లో బరేలీ వచ్చినప్పుడు, ఆడవారి ఆసుపత్రికి భూమి కావాలని అడిగితే రాంపూర్ నవాబుగారు 1871లో తన తోటనూ భవనాన్నీ ఉచితంగా యిచ్చేశారు. మదరాసులో 1885లో మేరీ షార్లీబ్ గారు పెట్టిన ఆసుపత్రికి గోషా అనే మాట పేరులోనే వుంది. ట్రిప్లికేన్‌లో యిప్పటికీ దాన్ని గోషా ఆసుపత్రి అనే జనం పిలుస్తారు, విశాఖపట్నంలోనూ ఒక గోషా ఆసుపత్రి వుంది. అంటే పర్దా పేరు చెప్పి ఆడవాళ్ళను వైద్యానికి దూరం చేయడం ఒక దారి, పర్దాకు మర్యాద యిచ్చి వైద్యాన్నే వాళ్ళ దగ్గరకు తేవడం యింకొక దారి. రాంపూర్ నవాబుగారు రెండవ దారి పట్టారు. మేమైతే ఆయనకే వోటు వేస్తాము.

1885 డిసెంబరులో మిషన్ వారు చివరకు కుగ్లర్ గారిని వైద్య మిషనరీగా నియమించారు. మరుసటి సంవత్సరం డిస్పెన్సరీ తెరిచారు. 1889లో ఆమె సెలవు మీద స్వదేశం వెళ్ళారు. సెలవంటే విశ్రాంతి అనుకునేరు, అక్కడ చందాలు పోగుచేశారు, కొత్త వైద్యం చదువుకున్నారు. 1891లో తిరిగి వచ్చాక 18 ఎకరాల స్థలంలో పని మొదలయింది. 1893 ఫిబ్రవరిలో డిస్పెన్సరీ భవనం పూర్తయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆడవారికీ పిల్లలకూ ఆసుపత్రి లేచింది. కాన్పులూ శస్త్రచికిత్సలూ రెండూ జరిగేవి. డాక్టర్ మేరీ బేర్ గారు తోడుగా వచ్చారు. తర్వాత చీరాలలో మిషన్ ఆసుపత్రిని నిలబెట్టినది ఆమే. కేథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు వచ్చి యిక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పారు. ఆ రోజుల్లో యింత చదువుకున్న ఆడపిల్ల రోగి వొళ్ళు తుడవడమా అని నవ్వినవాళ్ళు వుండే వుంటారు. ఆ అమ్మాయిలు వున్నారు గనుకనే వార్డు నడిచింది.

యెందుకంటే రౌండ్సు అనేది డాక్టరు ఒక్కరి పని కాదు. డాక్టరు పొద్దున ఒకసారి వచ్చి వెళ్ళే మనిషి. రాత్రి జ్వరం యెంత వచ్చింది, యెన్నిసార్లు వాంతి అయింది, మూత్రం పోసిందా, కట్టు తడిసిందా, నిద్ర పట్టిందా, యివన్నీ తెలిసినది నర్సుకు. నర్సు పక్కన లేని రౌండ్సు, హాజరు పట్టీ లేకుండా పాఠం చెప్పినట్లే. యెవరు వచ్చారో యెవరు రాలేదో పంతులుకే తెలియదు.

రౌండ్సు మన చరిత్రకు కొత్త కాదు. పదవ శతాబ్దం నాటికే బాగ్దాదు, రయ్ నగరాల ఆసుపత్రులలో ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అల్ రాజీ గారు శిష్యులను వరుసలు వరుసలుగా కూర్చోబెట్టుకునేవారని ఇబ్న్ అల్ నదీమ్ తన గ్రంథాల జాబితాలో నమోదు చేశాడు. రోగి వస్తే ముందు బయటి వరుసవాళ్ళు చూడాలి. వాళ్ళకు తెలియకపోతే లోపలి వరుస. వాళ్ళకూ అంతుపట్టకపోతే అప్పుడు రాజీ గారే మాట్లాడేవారు. 1284లో కైరోలో సుల్తాన్ కలావూన్ కట్టించిన ఆసుపత్రిలో జ్వరాలకు, కళ్ళకు, శస్త్రచికిత్సకు, స్త్రీలకు వేర్వేరు విభాగాలుండేవి. మన పిల్లలకు యివి చెప్పాలి. చెప్పి, ఆ కాలంలోనే అంత జరిగితే యీ కాలంలో మన వూళ్ళ వార్డులలో యేం జరుగుతున్నదో కూడ చూపించాలి.

మాకు తెలిసిన ఒక సంగతి చెబుతాము. ఆసుపత్రి పేరూ వూరి పేరూ అనవసరం. మా ఖాలా ఒకరు మిరపకాయల తొడిమలు తీసి పిల్లలను పెంచిన మనిషి. ఆమెకు కడుపు ఆపరేషను అయింది. మూడవ రోజు పొద్దున రౌండ్సు వచ్చింది. పెద్ద డాక్టరు ముందు, హౌస్ సర్జన్లు వెనుక, ఆ వెనుక చదువుకునే అబ్బాయిలూ అమ్మాయిలూ పది పన్నెండు మంది. కడుపు కోసినవారికి పేగులు మళ్ళీ కదలడం ముఖ్యం, అది తెలియడానికి గాలి పోయిందా అని అడుగుతారు. పెద్ద డాక్టరు అందరి యెదుటా, గట్టిగా, తెలుగులో అడిగారు. మా ఖాలాకు తెలుగు బజారు మట్టుకే వచ్చు. ఆ మాట మట్టుకు అర్థమయింది. అల్లుడి యెదుట దగ్గడానికే మొగమాటపడే మనిషి, అంతమంది మగపిల్లల యెదుట యేమంటుంది? కొంగు మొహం మీదికి లాక్కొని తల వూపింది. కేసు షీటులో వ్రాసుకొని ఆహారం పెట్టమన్నారు. అరవై సెకన్లు పట్టిందేమో. రాత్రికి కడుపు డోలు లాగా వుబ్బింది, పచ్చని వాంతులు, ముక్కులో గొట్టం. యింటికి రావడం యెనిమిది రోజులు ఆలస్యమయింది. యింట్లో వున్న రెండు వెండి కడియాలు ఆ యెనిమిది రోజులకు పోయాయి.

ఆ పెద్ద డాక్టరు హస్తవాసి మంచిదే. కుట్లు చక్కగా వేశారు, గాయం చీము పట్టలేదు. తప్పు కత్తిలో లేదు, ప్రశ్న అడిగిన తీరులో వుంది. తెర లాగి, ఒక నర్సమ్మ చెవి దగ్గర వొంగి, మా మాటల్లో అడిగి వుంటే ఖాలా అబద్ధం చెప్పేది కాదు. రౌండ్సు రాకముందే అరగంట ముందు నర్సు అడిగి వ్రాసిపెట్టుకొని వుంటే అసలు అందరి యెదుటా అడగవలసిన పనే వుండేది కాదు.

కుగ్లర్ గారు తెలుగు నేర్చుకొని యీ గడ్డ మీద నలభై యేడేళ్ళు వైద్యం చేశారంటే దాని విలువ యిక్కడ తెలుస్తుంది. యిళ్ళకు వెళ్ళి చూచిన డాక్టరుకు యింకొక సంగతి కూడ తెలుస్తుంది. కోడలి రోగం గురించి అడిగితే అత్తగారు జవాబు చెప్పడం మన యిళ్ళలో మామూలే గదా. నొప్పి యెక్కడ అని కోడలినే అడగాలంటే అత్తగారిని కాసేపు కాఫీకి పంపాలి. అది వైద్య గ్రంథంలో వుండదు.

బంధువులను ఆసుపత్రికి అడ్డమని తరిమివేసే అలవాటు మనకు చాలా చోట్ల కనబడుతుంది. గుంటూరు ఆసుపత్రి విషయంలో వేరే విధంగా జరిగింది. ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దూర్ గారి యింటి కాన్పు ఆ ఆసుపత్రిలో సుఖంగా జరిగిందని కృతజ్ఞతతో ఆయన రోగుల బంధువుల కోసం ఆసుపత్రి యెదురుగా ఒక సత్రం కట్టించారు. దూరపు వూళ్ళ నుంచి బండి కట్టుకొని వచ్చినవారు అక్కడ వుండి, తమ వంట తాము చేసుకొని, వార్డులోని మనిషికి దగ్గరగా వుండేవారు. దగ్గర మనిషి వుంటే గాయం త్వరగా మానుతుందా అని నవ్వవద్దు. డాక్టరు చెప్పినది సాయంత్రానికి గుర్తుంచుకునేది ఆ దగ్గరి మనిషే.

యీ కాలంలో పెద్ద దేశాల డాక్టర్లు కూడ తిరిగి తిరిగి యీ చోటికే వస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషను గదికి ఒక చిన్న సరిచూచుకునే పట్టిక తయారు చేసింది. రోగి పేరేమిటి, యే వైపు కోయాలి, మందు పడనిది వున్నదా, గుడ్డలు లెక్క సరిపోయిందా, యిటువంటివే. యెనిమిది నగరాలలో, అందులో మన న్యూఢిల్లీ ఒకటి, వాడి చూస్తే చావులు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయని 2009లో ప్రకటించారు. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. నోరు తెరిచి ఒకరినొకరు అడగడం, అంతే. 2012లో లండన్‌లోని వైద్యుల కళాశాలా నర్సుల కళాశాలా కలిసి వార్డు రౌండ్సు యెట్లా వుండాలో వ్రాశాయి. ప్రతి పడక దగ్గర నర్సు కూడ నిలబడాలని, రోగికి చెప్పి రోగిని అడిగి నిర్ణయించాలని అందులో వుంది. చదువుతుంటే మాకు ఆన్ ప్రెస్టన్ గారి వార్డు గుర్తుకొచ్చింది.

మన సంఘం దీనికి యేం చేయగలదు అన్న ప్రశ్న వుంది. చందాలు పోగుచేసి మందులు కొనిస్తున్నాము, రక్తదానం చేయిస్తున్నాము, మంచిదే. మాకు తోచినది ఒకటి చెబుతాము. పొద్దుటి రౌండ్సు వేళకు ఉర్దూ తెలుగు రెండూ వచ్చిన చదువుకున్న ఆడపిల్లలు యిద్దరు వార్డులో వుంటే చాలు. డాక్టర్ల పనికి అడ్డం రాకుండా, నర్సమ్మల అనుమతితో, మన ఆడవాళ్ళ మాటను అటూ, డాక్టరు మాటను యిటూ అందిస్తారు. యింట్లో మగవాళ్ళు చేయదగినది యింకా చిన్నది. ఒక కాగితం మీద రాత్రి జ్వరం యెంత, యేం తిన్నది, యేం అడగాలి అని వ్రాసి దిండు కింద పెట్టండి. డాక్టరు వచ్చినప్పుడు గుమ్మం బయట బీడీ కాల్చుకోకుండా పడక దగ్గర నిలబడి ఆ కాగితం చదవండి. పక్క పడక నుంచి వచ్చి చేతులు కడగకుండా కట్టు విప్పబోతే, అయ్యా చేతులు, అని మర్యాదగా అనండి. కోపం వస్తుందేమో అని భయం వద్దు. సెమ్మెల్‌వైస్ కాలం నుంచీ డాక్టర్లకు ఆ మాట మీద కోపం వస్తూనే వుంది, రోగులు బ్రతుకుతూనే వున్నారు.

కుగ్లర్ గారి తర్వాతి సంవత్సరాలు త్వరగా చెప్పుకోవచ్చు. ప్రభుత్వం 1905లో కైజర్-ఎ-హింద్ పతకం యిచ్చింది, తర్వాత మరొకసారి గౌరవించింది. 1918లో వెల్లూరులో ఐడా స్కడ్డర్ గారు ఆడవారికి వైద్య పాఠశాల తెరిచినప్పుడు ఆ ప్రయత్నంలో కుగ్లర్ గారు కూడ పాలుపంచుకున్నారు. పెన్సిల్వేనియాలో ఆడపిల్లల మీద కాగితపు వుండలు విసిరిన నాటికి అప్పటికి సగం శతాబ్దం గడిచింది. యిక్కడి అమ్మాయిలు యిక్కడే చదివి, ఆ పడకల దగ్గర డాక్టర్లుగా నిలబడే రోజు వచ్చింది. 1928లో ఆమె ఆ ఆసుపత్రి చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా వ్రాశారు. అప్పటికి డెబ్బై దాటాయి. ఆమె పెండ్లి చేసుకోలేదు.

1930 జూలై 26న, గుంటూరులో, తాను కట్టించిన ఆ ఆసుపత్రిలోనే రోగిగా కన్నుమూశారు. ఆ ఆవరణకు ఆమె పేరు పెట్టారు. గుంటూరు వచ్చి అప్పటికి నలభై ఆరేళ్ళ యెనిమిది నెలలు.